స్త్రీపర్వం దగ్గర ఆగిపోయాను: శాంతిపర్వం చదవాలా, దాటేయాలా?

గోదారిగట్టు

2023 శ్రావణంలో నాన్నగారూ నేనూ కవిత్రయ భారతం ఆదిపర్వం నుంచి మొదలుపెట్టాం. సాయంత్రం దీపం పెట్టిన తరువాత ఒక గంట ఆయన పద్యం చదివేవారు, నేను తాత్పర్యం చదివేదాన్ని. ఏ రోజు ఎక్కడ ఆపితే అక్కడ పుస్తకం అంచున పెన్సిలుతో చిన్న అడ్డగీత గీసి పక్కన తేదీ వేయడం ఆయన అలవాటు. ద్రోణపర్వంలో అభిమన్యుడు పద్మవ్యూహంలోకి వెళ్లబోయే ఘట్టం దగ్గర ఉన్న తేదీయే ఆఖరిది. ఆ వారంలోనే ఆయన పోయారు.

ఎనిమిది నెలలు పుస్తకం తెరవలేదు. తరువాత పట్టుబట్టి ద్రోణ, కర్ణ, శల్య, సౌప్తిక పర్వాలు ఒక్కదాన్నే చదివి, స్త్రీపర్వం కూడా పూర్తిచేశాను. గాంధారి యుద్ధభూమిలో ఒక్కొక్క శవాన్నీ కృష్ణుడికి చూపిస్తూ మాట్లాడే చోట, మొండెం మాత్రమే దొరికిన భర్త సైంధవుడి తల కోసం దుస్సల అటూ ఇటూ పరుగెత్తడం చదివాక నా వల్ల కాలేదు. నూరుగురు అన్నదమ్ముల ఏకైక చెల్లెలు ఆ పిల్ల. అంతవరకూ దుస్సలను నేను ఒక పేరుగానే చూశాను.

ఇప్పుడు శాంతిపర్వం ముందు ఆగి ఉన్నాను. అందులో కథ ఏమీ లేదు, అంతా ధర్మబోధే అని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఇంకో మాట కూడా ఉంది. నాన్నగారి పదోరోజున మా బంధువు ఒకాయన, ఇంట్లో భారతం చదవబట్టే ఇలా జరిగిందని నలుగురిలో అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. అమ్మ పైకి ఏమీ అనదు కానీ, నేను ఆ సంపుటం తీస్తే వంటింట్లోకి వెళ్లిపోతుంది. శాంతి, ఆనుశాసనికాలు చదివినవాళ్లు ఉంటే మీ అనుభవం చెప్పండి. దాటేసి ముందుకు వెళితే ఏమి పోగొట్టుకుంటాను?

ఏటిఒడ్డు

నేను భారతం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఈ రెండు పర్వాలనూ దాటేశాను, అందుకు విచారించడం లేదు. తిక్కన తెలుగులోనే శాంతిపర్వం ఆరు ఆశ్వాసాలు (పర్వంలోని భాగాలు), ఆనుశాసనికం ఐదు. మొత్తం అరవై మూడు ఆశ్వాసాల భారతంలో ఇవే పదకొండు. రాజధర్మం, ఆపద్ధర్మం, మోక్షధర్మం, దానధర్మం అంటూ సాగే బోధ ఇది. దుఃఖంలో ఉన్న మనిషికి బోధ వల్ల ప్రయోజనం ఉంటుందని నేను నమ్మను. మీరు నేరుగా అశ్వమేధపర్వంలోకి వెళ్లండి. కథ మళ్లీ మీ చేయి పట్టుకుంటుంది.

విశాఖ_వేణి

ఆ బంధువు మాట ముందు మనసులోంచి తీసేయండి. భారతం ఇంట్లో చదివితే కలహాలు వస్తాయని మా అత్తగారు కూడా అనేవారు. అదే అత్తగారి ఊళ్లో వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవారు. ఒకే పుస్తకంలో ఒక పర్వం వాన తెస్తుందనీ, మిగతావి ఇంటికి చేటు తెస్తాయనీ ఎలా నమ్మగలం? మా ఇంట్లో రెండేళ్లు చదివాం. ఆ రెండేళ్లలో మేము మరిది గారితో ఆస్తి పంచుకున్నాం కూడా, గొడవ లేకుండా. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుడి మాట ఆ వారమే చదివామేమో, గట్టు దగ్గర రెండడుగులు వదులుకోవడానికి ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు.

అగ్రహారం_మాష్టారు

ఏటిఒడ్డు గారితో నేను ఏకీభవించలేను. శాంతిపర్వం బోధతో మొదలవదు, ఒక ఇంటి తగువుతో మొదలవుతుంది. యుద్ధం గెలిచిన ధర్మరాజు రాజ్యం వద్దంటాడు, అడవికి పోతానంటాడు. అప్పుడు నలుగురు తమ్ములూ ద్రౌపదీ చుట్టూ చేరి ఒకరి తరువాత ఒకరు ఆయనను కోప్పడతారు. బుజ్జగించడం కాదు, నిజంగా కోప్పడతారు. మూలంలో భీముడు అంటాడు: బావి తవ్వడానికి దిగినవాడు నీరు పడే ముందు పని మానేసి ఒళ్లంతా బురదతో పైకి వచ్చినట్లుంది నీ పని, ఎత్తైన చెట్టెక్కి తేనె తీసి నోట పెట్టుకోకుండానే చచ్చినవాడిలా ఉన్నావు. ఇంతమందిని చంపించి, చివరికి వద్దంటావా అని వాళ్ల ఆక్రోశం.

ఇవి పుస్తకాల మాటలు కావు. ఆసుపత్రి నుంచి ఒంటరిగా తిరిగివచ్చిన రాత్రి అన్నదమ్ముల మధ్య ఇలాంటి మాటలే నడుస్తాయి. ముప్ఫై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పాను. పిల్లలకు రాయబారం చెప్పాను, ఉత్తరగోగ్రహణం చెప్పాను కానీ ఈ ఘట్టం ఎప్పుడూ పాఠ్యపుస్తకంలో కనిపించలేదు. నేను దీన్ని శ్రద్ధగా చదివింది ఉద్యోగ విరమణ తరువాత, మా తమ్ముడు పోయిన సంవత్సరం.

అమ్మా, ప్రథమాశ్వాసం వరకైనా చదవండి. ఆ తరువాత ఆపేస్తే నేను ఏమీ అనను.

పాకాల_బుజ్జి

మాది చిత్తూరు జిల్లా. మా వైపు ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుడి దగ్గర ఏటేటా భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కిన రోజు పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను కింద సాగిలపడతారు, పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం కొంగు పడతారు. చివర్లో మైదానమంత మట్టి దుర్యోధనుణ్ని పడుకోబెడతారు, భీముడి వేషగాడు ఆ తొడ పగలగొడతాడు, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు, మరునాడు ధర్మరాజు పట్టాభిషేకం. అంతటితో భారతం అయిపోతుంది.

ముప్ఫై ఏళ్లు వచ్చేవరకూ పట్టాభిషేకం తరువాత కూడా భారతం ఉందని నాకు తెలియదు. తెలిశాక చాలా రోజులు కోపంగా ఉండేది, ఎవరి మీదో తెలియదు. నిప్పుల మీద నడిచివచ్చిన మా నాన్న కాళ్లకు పసుపు రాస్తూ, ఇక పాండవులు సుఖంగా ఉన్నారని మా అమ్మ నాకు చెప్పింది. నేను నమ్మాను.

మూలపాఠం

మాష్టారు చెప్పినదానికి ఒక చేర్పు. శాంతిపర్వం మొదటి అధ్యాయంలోనే, కర్ణుడు తన అన్న అని తెలిసిన ధర్మరాజు నారదుడితో చెప్పుకునే మాట ఒకటి ఉంది. జూదసభలో కర్ణుడు పరుషంగా మాట్లాడుతున్నప్పుడు తనకు కోపం వచ్చిందనీ, అయితే కర్ణుడి పాదాలు చూడగానే ఆ కోపం చల్లారిపోయిందనీ, ఆ పాదాలు కుంతి పాదాల్లా ఉన్నాయని తనకు అనిపించిందనీ, ఎందుకు అలా ఉన్నాయో ఎంత ఆలోచించినా తెలియలేదనీ అంటాడు. సభాపర్వం చదివినప్పుడు ధర్మరాజు తల వంచుకుని కూర్చున్నాడనే మనం అనుకుంటాం. ఆ వంచిన తల ఏమి చూస్తూ ఉన్నదో పది పర్వాల తరువాత తెలుస్తుంది. శాంతిపర్వం దాటేసినవాళ్లకు అది ఎప్పటికీ తెలియదు.

కథలు లేవన్నది కూడా సరికాదు. పిల్లి వలలో చిక్కితే ఎలుక దానితో సంధి చేసుకునే కథ, తన జంటను పట్టుకున్న బోయవాడికి నిప్పులో దూకి ఆహారమైన పావురం కథ, పన్నెండేళ్ల కరవులో విశ్వామిత్రుడు చండాలవాటికలో కుక్కమాంసం దొంగిలించబోయి పట్టుబడిన కథ, ఇవన్నీ శాంతిపర్వంలోనివే. ఆకలితో ఉన్న ఋషికీ, వద్దు స్వామీ అని వారించే చండాలుడికీ మధ్య నడిచే ఆ వాదన చదివితే ధర్మబోధ అన్న మాటకు అర్థం మారిపోతుంది.

సంస్కృతంలో శాంతిపర్వమే అన్నిటికంటే పెద్దది, పుణె భండార్కర్ సంస్థ వారి పరిష్కృత ప్రతిలో 353 అధ్యాయాలు. తిక్కన దాన్ని చాలా కుదించాడు. గీతనే కొద్ది పద్యాల్లో సంగ్రహించినవాడు కదా. కనుక తెలుగులో చదివేవారికి ఆరు ఆశ్వాసాలు పెద్ద బరువేమీ కాదు.

ఏటిఒడ్డు

పాదాల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ నా అసలు అభ్యంతరం నిడివి గురించి కాదు, చెప్పేవాడి గురించి. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కురుసభలో నిలబడి చెప్పిన పద్యం మనందరికీ నోటికి వచ్చు.

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవముండెడున్

ఈ పద్యంలో "దక్షులు", అంటే ఆపగలిగీ ఊరుకున్నవాళ్లు, అన్న మాట ఎవరికి తగులుతుందో ఆ సభలో అందరికీ తెలుసు. ద్రౌపదిని సభలోకి ఈడ్చుకు వచ్చిన రోజున, ధర్మం చాలా సూక్ష్మమైనది, నీ ప్రశ్నకు సమాధానం చెప్పలేనన్నవాడు భీష్ముడు. అదే భీష్ముడు అంపశయ్య మీద పడుకుని పదకొండు ఆశ్వాసాలు ధర్మం చెబుతుంటే నేను ఎందుకు వినాలి? ఒక్క రోజు, ఒక్క మాట చెప్పవలసిన చోట చెప్పి ఉంటే ఈ బోధకు అవసరమే వచ్చేది కాదు. ఇది పుస్తకంలోని పాత్ర మీద నాకున్న కోపం మాత్రమే కాదు. మా కుటుంబంలో నోరు విప్పవలసినప్పుడు విప్పని పెద్దమనిషి ఒకాయన, తరువాత ఇరవై ఏళ్లు మాకు నీతులు చెప్పారు.

కృష్ణాతీరం

దీనికి సమాధానం మా తాతగారు చెప్పేవారు. భీష్ముడు బోధిస్తుంటే ద్రౌపది నవ్విందట. ఎందుకమ్మా నవ్వావని అడిగితే, ఆ రోజు సభలో ఈ ధర్మం ఎక్కడికి పోయింది తాతా అన్నదట. అప్పుడు ఆయన, దుర్యోధనుడి అన్నం తిన్న రక్తం నా ఒంట్లో ఉన్నంతకాలం నా బుద్ధి పనిచేయలేదు, అర్జునుడి బాణాలకు ఆ రక్తమంతా కారిపోయాక ఇప్పుడు తెలివి తెలిసింది అన్నాడట.

మూలపాఠం

ఆ కథ నేనూ చిన్నప్పటి నుంచి విన్నాను, చాలా బాగుంటుంది. అయితే వ్యాసుడి పాఠంలో అది లేదు. నేను చదివిన తిక్కన పాఠంలోనూ ఎక్కడా కనిపించలేదు. జనం నోట పుట్టిన కథ. ఏటిఒడ్డు గారి ప్రశ్న వెయ్యేళ్లుగా జనాన్ని కూడా వేధించి ఉండాలి. అందుకే ద్రౌపది చేత అడిగించుకున్నారు.

మూలంలో ఉన్నది వేరు. అక్కడ సిగ్గుపడేది ధర్మరాజు. తాతను ఆ స్థితికి తెచ్చింది తానేనని ఎదుటికి రావడానికే జంకుతాడు. ఆ మాట కృష్ణుడు చెప్పగా భీష్ముడు, క్షత్రియుడికి యుద్ధం ధర్మమేనని చెప్పి అతణ్ని దగ్గరికి పిలిచి, తల మూర్కొని, కూర్చో నాయనా, భయపడకుండా అడుగు అంటాడు. అంతకు ముందు, ఒళ్లంతా బాణాల మంటతో ఉన్నాను, మాట తడబడుతోంది, నేను ఏమి చెప్పగలనని కూడా అంటాడు. కృష్ణుడు ఆ బాధ తీసేస్తేనే నోరు పెగులుతుంది. ఒక ముసలాయన, ఆయనను పడగొట్టిన మనవడు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే ఈ రెండు పర్వాలూ. నేను బోధను ఆ దృష్టితో చదివాను.

ఏటిఒడ్డు

ఆ దృష్టి నాకు నచ్చింది. అయినా సభలోని మౌనం నేను మరిచిపోలేను.

సుజాత_వరంగల్

శాంతిపర్వం ఆరంభంలో నన్ను బాధపెట్టిన చోటు ఇంకొకటి ఉంది. కర్ణుడి సంగతి దాచిందన్న కోపంతో ధర్మరాజు లోకంలోని ఆడవాళ్లందరినీ శపిస్తాడు, ఇకమీదట ఏ రహస్యమూ వాళ్ల దగ్గర నిలవకూడదని. ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదని మనవాళ్లు అనే మాటకు ఈ శాపాన్నే కారణంగా చెబుతారు. చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ నవ్వుతూ చెప్పుకున్న మాట అది.

పుస్తకంలో చదివితే నవ్వు రాలేదు. కన్నబిడ్డను గంగలో వదిలిన నాటి నుంచి తర్పణాలు విడిచే రోజు దాకా, ఒక మనిషి జీవితకాలమంతా, కుంతి ఆ రహస్యాన్ని కడుపులో దాచుకుంది. విద్యా ప్రదర్శన రోజున కొడుకులిద్దరూ ఎదురెదురుగా నిలబడితే మూర్ఛపోయిందే తప్ప బయటపడలేదు. రహస్యం కాపాడలేని ఆడదాని మీద వచ్చిన శాపం కాదు అది, కాపాడగలిగిన ఆడదాని మీద వచ్చిన శాపం. నేను ఈ మాట అంటే మా నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్లి ఆ పద్యాలు మళ్లీ చదువుకున్నారు.

గోదారిగట్టు గారూ, దాటేయకండి. ఒప్పుకోవడానికే చదవాలని లేదు.

డల్లాస్_శేషు

మేము ఆరు కుటుంబాల వాళ్లం శనివారం ఉదయం వీడియోలో కలిసి చదువుకుంటున్నాం. మేమూ శాంతి, ఆనుశాసనికాలు దాటేశాం. సమయం లేకనే తప్ప వేరే కారణం లేదు. ఇప్పుడు ఈ చర్చ చదివాక వెనక్కి వెళదామని మావాళ్లకు చెబుతాను.

నాకు మిగిలిపోయింది ఆశ్రమవాసపర్వం. ధృతరాష్ట్రుడూ గాంధారీ అడవికి వెళుతుంటే కుంతి కూడా వాళ్ల వెంట నడుస్తుంది. కొడుకులు ఎంత బతిమాలినా ఆగదు. కొన్నాళ్లకు నారదుడు వచ్చి, ముగ్గురూ అడవిమంటల్లో కాలిపోయారని చెబుతాడు. అప్పుడు ధర్మరాజు ఏడుస్తూ అగ్నిదేవుణ్ని నిందిస్తాడు. ఖాండవవనం ఇచ్చి నీ ఆకలి తీర్చినవాడు అర్జునుడు, ఆ అర్జునుడి తల్లినే కాల్చావే, ఆ మేలు మరిచిపోయావా అంటాడు. ఆదిపర్వంలో ఖాండవదహనం చదివినప్పుడు అది వీరగాథలా అనిపించింది. ఆ మంట ఎక్కడికి చేరుతుందో అప్పుడు తెలియలేదు.

మా అమ్మ పోయినప్పుడు నేను వెళ్లలేకపోయాను. 2021 మే నెల. తమ్ముడు ఫోన్ పట్టుకుని చూపించాడు. నారదుడు కబురు చెప్పే చోట మా బృందంలో చదివే వంతు నాదే. పక్కవాళ్లను చదవమన్నాను.

పెద్దకోడలు

శేషు గారూ, మీ మాట చదివాక ఆశ్రమవాసం గురించి నేనూ రాయాలనిపించింది. అందరూ ఆ పర్వాన్ని అడవి నుంచి తలుచుకుంటారు. నాకు మాత్రం అడవికి వెళ్లకముందు నడిచిన పదిహేనేళ్లే గుర్తు. కొడుకులందరూ చచ్చాక ధృతరాష్ట్రుడు వాళ్లను చంపినవాళ్ల ఇంట్లోనే పదిహేనేళ్లు ఉన్నాడు. ధర్మరాజు ఆయనకు ఏ లోటూ రానివ్వలేదు. భీముడు మాత్రం ఆయనకు వినబడేలా జబ్బలు చరిచి, ఆ గుడ్డిరాజు కొడుకులందరినీ పరలోకానికి పంపిన చేతులు ఇవే, చందనం పూయదగిన చేతులు ఇవే అనేవాడు. ధర్మరాజుకు ఈ సంగతి తెలియదు. ధృతరాష్ట్రుడు చెప్పలేదు. మరో సంగతి కూడా ఆయన చెప్పలేదు: నాలుగో పూటకో, ఒక్కోసారి ఎనిమిదో పూటకో, దాహం తీరేంత మాత్రమే పుచ్చుకుంటూ, నేల మీద పడుకుంటూ వచ్చాడు. ఆ సంగతి గాంధారికి ఒక్కదానికే తెలుసు.

మా మామగారు ఏడేళ్లుగా మా దగ్గర ఉంటున్నారు. పొలం అమ్మకం విషయంలో ఆయన పెద్దకొడుక్కు, అంటే మా వారికి, అన్యాయం చేశారు. అది నిజం. మా వారు ఆయనకు మందులు, బట్టలు, ఆసుపత్రి ఏదీ లోటు చేయరు. కానీ భోజనాల దగ్గర ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నట్లుగా ఆ పొలం మాట ఒకటి విసురుతారు. మామగారు కంచంలోకి చూస్తూ ఉంటారు. ఈ పర్వం చదివిన రాత్రి నాకు అనుమానం వచ్చి, మరునాడు ఆయన కంచం ఎత్తేటప్పుడు గమనించాను. మజ్జిగ అన్నం రెండు ముద్దలు తిని, మిగిలినది కూర కింద దాచి వదిలేశారు. ఎన్నాళ్లుగా ఇలా చేస్తున్నారో నాకు తెలియదు.

మా వారికి ఆ నాలుగు పేజీలు చదివి వినిపించాను. నేనేమీ వ్యాఖ్యానించలేదు. ఇప్పుడు మామగారు మాతో కాక, అందరికంటే ముందు, నా ఎదుట భోజనం చేస్తున్నారు. మా వారు మారారని చెప్పను. ఆ మాట మాత్రం భోజనాల దగ్గర రావడం లేదు.

విశాఖ_వేణి

పెద్దకోడలు గారూ, మీరు రాసినది మా ఇంట్లో గట్టిగా చదివాను.

పాకాల_బుజ్జి

మట్టి దుర్యోధనుడి తొడ పగలగానే మా ఊళ్లో అందరం చప్పట్లు కొడతాం. ఆయన తండ్రి ఆ తరువాత పదిహేనేళ్లు భీముడి మాటలు వింటూ బతికాడన్నది ఈ రోజే తెలిసింది. వచ్చే ఏడు హరికథ చెప్పే ఆయనను, పట్టాభిషేకం రోజు మధ్యాహ్నమైనా ఈ కథ చెప్పమని అడుగుతాను. చెప్పరనే అనుకుంటున్నాను, ఆ రోజు ఊరంతా విందులో ఉంటుంది.

అగ్రహారం_మాష్టారు

గోదారిగట్టు గారు మొదట చెప్పిన పెన్సిలు గీత నన్ను వదలడం లేదు. ఒక విషయం చెబుతాను. నన్నయగారు పదకొండో శతాబ్దంలో అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో "శారదరాత్రు లుజ్జ్వల లసత్తర తారక హారపంక్తులం" అనే పద్యం దగ్గర ఆగిపోయారు. తిక్కనగారు ఆ ఖాళీని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు పూర్తిచేశారు. మిగిలిన అరణ్యం పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱనగారు వచ్చేవరకూ అలాగే ఉండిపోయింది. ఆయన తన పేరు పెట్టుకోకుండా, నన్నయే రాసినట్లుగా, రాజరాజనరేంద్రుడికే అంకితంగా పూరించారు. నన్నయ శరద్రాత్రి దగ్గర ఆపితే, ఎఱ్ఱన "స్ఫురదరుణాంశు రాగరుచిఁ బొంపిరివోయి" అంటూ ఆ శరత్తులోనే తెల్లవారడంతో అందుకున్నారు.

మీరు ఎనిమిది నెలలు ఆగానని బాధపడినట్లు రాశారు. తెలుగువాళ్ల భారతం మూడు వందల ఏళ్ల దాకా ఒకచోట ఆగి ఉంది. మీరు ఆగడంలో దోషం లేదు.

ఏటిఒడ్డు

మాష్టారు చెప్పాక నేనూ ఒక నిర్ణయానికి వచ్చాను. శాంతిపర్వం ప్రథమాశ్వాసం ఈ వారం చదువుతాను. ఆనుశాసనికం సంగతి ఇప్పుడే మాట ఇవ్వను. మీరంతా ఆశ్రమవాసం దగ్గరే ఆగారు కానీ, నాకు అందరికంటే పెద్ద దెబ్బ మౌసలంలో తగిలింది. ద్వారక నుంచి ఆడవాళ్లను తీసుకువస్తున్న అర్జునుడు కర్రలు పట్టుకున్న దొంగలు మీద పడితే గాండీవం ఎక్కుపెట్టడానికే ఆపసోపాలు పడతాడు, అస్త్రాలు గుర్తుకు రావు, అక్షయ తూణీరంలో బాణాలు అయిపోతాయి. ఆ ఘట్టం చదివిన సంవత్సరమే మా నాన్నగారు స్కూటర్ తాళం మా తమ్ముడి చేతికి ఇచ్చి, ఇక నావల్ల కాదురా అన్నారు.

గోదారిగట్టు

ఇన్ని సమాధానాలు వస్తాయని అనుకోలేదు. అన్నీ రెండుసార్లు చదివాను. ఏటిఒడ్డు గారూ, మీ అభ్యంతరమే నాకు ఎక్కువ సాయం చేసింది. మీరు ఆ ప్రశ్న అడగకపోతే ధర్మరాజు తాత ఎదుటికి రావడానికి సిగ్గుపడిన సంగతి నాకు తెలిసేది కాదు.

నిన్న సాయంత్రం శాంతిపర్వం తెరిచాను. సంపుటం లోపల నాన్నగారి పెన్సిలు గీతలు ఉండవని తెలిసి కూడా మొదటి కొన్ని పేజీలు అంచులు చూస్తూ చదివాను. పద్యం కూడా నేనే చదువుకోవలసి వచ్చింది. ఆయన యతి దగ్గర ఆగే చోటు నా నాలుకకు అలవాటు లేదు, ఒక్కో పద్యం మూడుసార్లు చదివితే గాని పట్టుబడలేదు. తమ్ములు ఒక్కొక్కరే ధర్మరాజును కోప్పడే చోట మాత్రం నాకు తెలియకుండానే గొంతు పెరిగినట్లుంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి అమ్మ చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరకు వచ్చి, ఎవరే అంతలేసి మాటలంటున్నారు ధర్మరాజును అని అడిగింది. తమ్ముళ్లమ్మా అన్నాను. తమ్ముళ్లా, గెలిచాక కూడానా అని అక్కడే గడప మీద కూర్చుంది. ద్రౌపది మాట్లాడేవరకూ చదివి ఆపాను. తేదీ వేద్దామంటే పెన్సిలు కనబడలేదు. అమ్మ లేచి దేవుడి గూట్లోంచి తెచ్చి ఇచ్చింది. ఇన్నాళ్లూ అది అక్కడ ఉన్నదని నాకు తెలియదు.

కృష్ణుడూ పాండవులూ ఇంకా అంపశయ్య దగ్గరికి బయలుదేరలేదు. మాష్టారూ, ఒక సందేహం. ఎక్కడ పద్యం ఆపాలో తెలియడానికి యతిస్థానాలు గుర్తుపట్టే తేలిక మార్గం ఏదైనా ఉందా? చంపకోత్పలాల వరకు చెప్పినా చాలు.

అగ్రహారం_మాష్టారు

ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండో అక్షరం యతిస్థానం. కానీ అర్థం అక్కడే తెగదమ్మా, అందుకే కేవలం లెక్క పెట్టి ఆపితే పద్యం కుంటుతుంది. ముందు అన్వయం చూసుకుని, అర్థం ఆగే చోట ఆగండి. రేపు చదవబోయే పద్యాలు ఇక్కడ పెడితే, ఎక్కడ విరవాలో గీతలు పెట్టి పంపిస్తాను.